కుక్కర్ కూతలో పోయిన సీను

మా ఇంట్లో సినిమా చూడడమంటే ఒక్క సినిమా చూడడం కాదండీ, రెండు చూడడం. ఒకటి టీవీలో నడిచేది. రెండోది అది అయిపోయాక మా హాల్లో మొదలయ్యేది. "అదెలా కుదురుతుంది?" అని ఎవరో ఒకరు అంటే చాలు, ఆ రెండో సినిమాకి తెర లేస్తుంది. దానికి విశ్రాంతీ ఉండదు, శుభం కార్డూ ఉండదు. మర్నాడు టిఫిన్ల దగ్గర కూడా నడుస్తూనే ఉంటుంది.

ఇందులో మొదటి ముద్దాయిని నేనే. నేను చదివింది ఇంటర్ దాకానే. ఆ తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారి మందులు, వంటిల్లు. కానీ తప్పు పట్టడంలో మాత్రం నాకు పెద్ద డిగ్రీ ఇవ్వొచ్చని మా వారి అభిప్రాయం. పాలవాడి లెక్కలో అరలీటరు తేడా వచ్చినా, కిరాణా చీటీలో కందిపప్పు రెండుసార్లు రాసినా నా కళ్ళు ఇట్టే పట్టేస్తాయి. ఆ కళ్ళతోనే సినిమా కూడా చూస్తాను. ఒక సినిమాలో హీరోయిన్ తలుపు తోసేటప్పుడు చేతికి ఎర్రగాజులున్నాయి. గదిలోకి వచ్చేసరికి ఆకుపచ్చవి! "చూశారా, గడప దాటేలోగా గాజులు మార్చుకుంది" అని అరిచాను. మా వారు విసుక్కున్నారు. "ఆ పిల్ల ఏడుస్తోందే, నువ్వు గాజులు చూస్తున్నావా?" అన్నారు.

తర్వాత మా అబ్బాయి చెప్పాడు. సినిమాని మనం చూసే వరసలో తీయరట. తలుపు బయట సీను ఒక ఊళ్ళో ఒకరోజు తీస్తే, లోపలి గది సెట్టులో ఇంకో నెలకి తీస్తారట. ఏ సీన్లో ఏ చీర, బొట్టు ఎక్కడుంది, గ్లాసులో నీళ్ళు ఎంతవరకున్నాయి అని రాసిపెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక మనిషే ఉంటారట. దాన్నే కంటిన్యుటీ అంటారట. ఆ మనిషి ఒక్కరోజు ఏమరితే గాజులు మారిపోతాయి. ఆ ఉద్యోగమేదో నాకిస్తే బాగుండేదనిపించింది సుమండీ!

మా ఇంట్లో అన్నిటికంటే పాత తగాదా 'మాయాబజార్' మీద. 1957లో ఆ సినిమా వచ్చినప్పుడు మా అత్తయ్యగారికి పదేళ్ళు. ఎడ్లబండి కట్టించుకుని టూరింగ్ టాకీసుకి వెళ్ళి చూశారట. ఇప్పటికీ టీవీలో వస్తే కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంటారు. మా అబ్బాయి ఊరుకోడు. "నాయనమ్మా, కథంతా పాండవుల తరఫునే కదా, ఒక్క పాండవుడూ కనపడడేం? కె.వి.రెడ్డిగారు మర్చిపోయారా?" అంటాడు. ఆవిడ తడుముకోకుండా, "రాజ్యం పోయి అడవుల్లో ఉన్నవాళ్ళు పెళ్ళిపందిట్లోకి ఎలా వస్తార్రా? కనపడకపోయినా ఎప్పుడూ వాళ్ళ గురించే అనుకుంటూ ఉంటాం కదా, అదీ గొప్ప" అంటారు.

కానీ ఆవిడకీ ఒక అనుమానం ఉంది. అభిమన్యుడి భార్య ఉత్తర కదా, మరి ఈ శశిరేఖ ఎక్కణ్ణించి వచ్చింది? దీనికి మా వారు జవాబు చెబుతారు. వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు. అది జనం అల్లుకున్న కథ. నాటకాల్లో ఆడింది, 1936లోనే ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. కాబట్టి తప్పంటే భారతం ప్రకారం తప్పు, కథ ప్రకారం ఒప్పు. అత్తయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి, "వ్యాసుడు రాయకపోతే ఏం, మన వాళ్ళు రాసుకున్నారు. ఘటోత్కచుడు లేకుండా భోజనమూ లేదు, శశిరేఖ లేకుండా ఘటోత్కచుడూ లేడు" అని తేల్చేస్తారు.

వంటింటి మనిషిని కనుక నా అనుమానం వేరు. ఆ పెళ్ళి విడిదిలో గోంగూర మాట వస్తుంది, గుర్తుందా? ద్వాపరయుగంలో గోంగూర ఏమిటి అని నా ప్రశ్న. ఆ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అంటారు. పోనీ మొక్క ఉందనుకున్నా, పచ్చడిలోకి మిరపకాయలేవీ? మిరప అమెరికాలో పుట్టిన పంట. పోర్చుగీసువాళ్ళు తెచ్చేదాకా, అంటే ఇప్పటికి 500 ఏళ్ళ కిందటిదాకా, మన దేశంలో లేనే లేదు. అంతకుముందు మన కారమంతా మిరియాలతోనే. గుంటూరులో కూర్చుని ఈ మాట అంటే మా పక్కింటి వదినగారు కొట్టినంత పని చేశారు. "మిరపకాయ లేకుండా గోంగూరా? అది తప్పు కాదమ్మా, పాపం!" అన్నారు. ఆ మాట రాసినవారికి ఈ సంగతులు తెలియకనా? హాల్లో కూర్చున్న ఆంధ్రులు నవ్వాలని పెట్టారు. నవ్వారు. ఇన్నేళ్ళ తర్వాత మనమూ నవ్వుతున్నాం.

వదినగారికి ఇంకో దాని మీద పేచీ ఉండేది. 1962 నాటి 'గుండమ్మ కథ'లో ఆ పేరేమిటని. "మన వైపు సుబ్బమ్మ ఉంది, వెంకమ్మ ఉంది. గుండమ్మ ఎక్కడైనా ఉందా?" అనేవారు. ఆ సినిమాకి మూలం 1958లో విఠలాచార్యగారు కన్నడంలో తీసిన 'మనె తుంబిద హెణ్ణు' అని ఆవిడకి తెలియదు. పేరు అక్కణ్ణించే నడిచి వచ్చింది. సూర్యకాంతంగారు ఆ పాత్ర వేశాక ఇంక పేరు మనదే అయిపోయింది. అంటే తప్పులా కనపడ్డ దాని వెనకాల కూడా ఒక్కోసారి ఒక కారణం కూర్చుని ఉంటుందన్నమాట. ఈ సంగతి తెలిసీ నాకు బుద్ధి రాలేదు. అదే ఇప్పుడు చెప్పబోయేది.

దానికి ముందు పిల్లల వాదన కూడా చెప్పాలి. 2012లో 'ఈగ' వచ్చింది. చచ్చిపోయిన అబ్బాయి ఈగై పుట్టి పగ తీర్చుకుంటాడంటే ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని చూశాం. ఒక్కరూ "అదెలా?" అనలేదు. అదే మనుషులు ఇంకో సినిమాలో హీరోకి పది నిమిషాల్లో కట్టు ఊడిపోతే గోల చేశారు. మా అబ్బాయి సిద్ధాంతం ఏమిటంటే, సినిమావాడు మొదట్లో ఒక పెద్ద అబద్ధం చెప్పి ఒప్పించుకోవచ్చు, ఆ తర్వాత చిన్న అబద్ధం చెబితే మాత్రం జనం క్షమించరు. సంసారంలో కూడా అంతేనేమో! ఇక 2015లో 'బాహుబలి' మొదటి భాగం వచ్చిన దగ్గర్నించి 2017 ఏప్రిల్లో రెండోది వచ్చేదాకా కట్టప్ప ఎందుకు చంపాడని దేశమంతా అడిగింది. చంపడం తప్పు కథ అని ఎవరూ కొట్టిపారెయ్యలేదు. "ఎందుకు?" అని దాదాపు రెండేళ్ళు ఓపిగ్గా అడిగారు.

మా అమ్మాయికి 'టైటానిక్' పిచ్చి. అందులో కుర్రాడు ఒక చెరువు పేరు చెప్పి, చిన్నప్పుడు నాన్నతో అక్కడ మంచులో చేపలు పట్టానంటాడు. ఓడ మునిగింది 1912లో. ఆ విస్సోటా చెరువేమో ఆనకట్ట కట్టాక 1917 ప్రాంతంలో ఏర్పడింది! ఓడ మునిగిన రాత్రి ఆకాశంలో చుక్కలు ఉండాల్సిన తీరులో లేవని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు తప్పు పడితే, దర్శకుడు కామెరాన్ 2012లో సినిమా మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ చుక్కలు సరిచేశాడు. ఆ చెక్క మీద ఇద్దరికీ చోటుంది కదా, అబ్బాయి ఎందుకు చావాలని లోకమంతా పోరు పెడితే, 2023లో మనుషుల్ని చన్నీళ్ళలో దింపి పరీక్షలే చేయించాడు. ఒక పద్ధతిలో అయితే బతికే అవకాశం ఉందని ఒప్పుకున్నాడు కూడా. "చూశావా అమ్మా, అంత పెద్ద మనిషి తప్పు ఒప్పుకున్నాడు" అంది మా అమ్మాయి. ఆ మాట నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక 'దృశ్యం' సంగతి. 2014లో వెంకటేష్, మీనా వేసింది, శ్రీప్రియ తీసింది. ముందు ఏడాది మలయాళంలో వచ్చిన కథ. అది టీవీలో వచ్చినప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. సినిమా అయిపోగానే నేను లేచి తీర్పు చెప్పాను. "అంతా బాగుంది కానీ పెద్ద తప్పుంది. ఎన్నాళ్ళో అయ్యాక పోలీసులొచ్చి అడిగితే బస్సు కండక్టరూ, హోటలువాడూ, సినిమా హాలువాడూ అందరికీ ఫలానా తారీఖు ఎలా గుర్తుంటుంది? నాకు మొన్న మంగళవారం ఏం కూర వండానో గుర్తులేదు" అన్నాను. వదినగారు ఔనంటే ఔనన్నారు. మా వారు కూడా తలూపారు.

అప్పుడు ఆ తొమ్మిదేళ్ళ పిల్ల, "అది తప్పు కాదమ్మా. ఆయన మళ్ళీ వాళ్ళందర్నీ కలిసి, మాటల్లో మాటగా ఆ తారీఖు చెప్పి వాళ్ళ బుర్రలోకి ఎక్కిస్తాడు. వెళ్ళింది నిజమే, తారీఖే అబద్ధం. ఆ సీను వచ్చినప్పుడు నువ్వు కుక్కర్ కట్టెయ్యడానికి వెళ్ళావు" అంది.

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక లెక్క వేసుకుంటే నవ్వు రాలేదు. నేను జీవితంలో ఏ సినిమా పూర్తిగా చూశాను? పోపు మాడుతుందని లేచాను, పాలు పొంగుతాయని లేచాను, బట్టలు తీయాలని లేచాను. నేను పట్టిన తప్పుల్లో సగం సినిమావాళ్ళవి కావేమో, నేను లేచి వెళ్ళిన చోట్లేమో! మీలో ఎంతమంది ఏ సినిమాకైనా లేవకుండా కూర్చోగలిగారో చెప్పండి.

ఆ మాట అంతటితో మర్చిపోయాను. పదేళ్ళ తర్వాత వడ్డీతో సహా గుర్తొచ్చింది.

అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో ఏడు చదువుతోంది. 2025 సంక్రాంతికి రానంది. "స్పెషల్ క్లాసులున్నాయమ్మా" అంది. పండక్కి క్లాసులేమిటని అప్పుడే నాకు ఎక్కడో గుచ్చుకుంది. భోగి రోజు సాయంత్రం వీడియో కాల్ చేశాను. నా పాడుకళ్ళు ఊరుకుంటాయా? దాని వెనకాల మంచాల మీద పరుపులు చుట్టి ఉన్నాయి. అంటే గదిలో పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఇప్పుడే క్లాసు నుంచి వచ్చానంటోంది, తలకి తడి తువ్వాలు చుట్టుకుని ఉంది. మెస్‌లో పులిహోర, గారెలు పెట్టారని అయిదు నిమిషాల ముందు చెప్పింది. ఇప్పుడేమో బ్రెడ్డు తిన్నానంటోంది.

గాజులు పట్టుకున్నట్టే పట్టుకున్నాను. "పరుపులెందుకు చుట్టారు? క్లాసులుంటే వాళ్ళెలా వెళ్ళారు? మెస్ తెరిచి ఉంటే బ్రెడ్డెందుకు?" ఒకదాని మీద ఒకటి, పోలీసమ్మలాగా అడిగాను. నిజం చెబుతున్నాను, అడుగుతున్నప్పుడు లోపల ఒక రకమైన గెలుపు కూడా ఉంది.

అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవునమ్మా, అబద్ధమే. దొరికిందిగా, సంతోషమేనా?" అని ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పండగ రోజు అన్నయ్యకి మాత్రం 'బాగానే ఉన్నాను' అని ఒక ముక్క పంపింది. పిండివంటలు ఎవరికీ సహించలేదు. అత్తయ్యగారు ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టమంటే నా చేతులు ఆడలేదు. నేను మా వారితో, "ఎంత అబద్ధం ఆడింది చూశారా, మూడు చోట్ల దొరికిపోయింది" అన్నాను. ఆయన కోప్పడలేదు. "తప్పు దొరికింది సరే. ఎందుకో దొరికిందా?" అన్నారు. అంతే.

కట్టప్ప ఎందుకు చంపాడని రెండేళ్ళు అడిగిన ఇల్లు మాది. సొంత పిల్ల ఎందుకు అబద్ధం ఆడిందని రెండు నిమిషాలు అడగలేకపోయాను.

కనుమ మర్నాడు తెల్లవారుజామున ఆర్టీసీ బస్సెక్కాను. సంచిలో సున్నుండలు, అరిసెలు, ఒక సీసాలో గోంగూర పచ్చడి. దారంతా ఏం అడగాలో అనుకుంటూనే ఉన్నాను, సూర్యాపేట దాటాక ఏమీ అడగకూడదనుకున్నాను. హాస్టలు గదిలో అది ఒక్కతే ఉంది. చుట్టూ పుస్తకాలు. మొహం పీక్కుపోయి ఉంది. నన్ను చూసి బిత్తరపోయింది. నేను పచ్చడి సీసా మూత తీసి, మెస్ వంటామెను బతిమాలి తెచ్చిన వేడన్నంలో కలిపి ముద్దలు చేసి పెట్టాను. తర్వాత తలకి కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాను. నూనె రాసేటప్పుడు పిల్ల మొహం మనకి కనపడదు, మన మొహం దానికి కనపడదు. మాటలు రావడానికి అదే సులువు.

సగం తల అయ్యేసరికి అదే చెప్పింది. మొదటి ఏడులో రెండు సబ్జెక్టులు పోయాయి. సప్లిమెంటరీ పరీక్షలు దగ్గరకొచ్చాయి. పండక్కి వస్తే బంధువులందరూ మార్కులు అడుగుతారు, నాన్నకి ఫీజు కట్టిన అప్పు గుర్తొస్తుంది, అందుకని రాలేదు. ఒక్కతే గదిలో కూర్చుని చదువుకుంటోంది. నాలుగు రోజుల నుంచి బ్రెడ్డూ అరటిపళ్ళూ తింటోంది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"చెప్పాలనే చేశాను. దసరా అయిన వారం, పొద్దున్నే. 'అమ్మా, ఒక మాట చెప్పాలి' అన్నాను. నువ్వు కుక్కర్ కూత వేస్తోంది, నాయనమ్మ మాత్ర వెయ్యాలి, రాత్రి మాట్లాడదాం అన్నావు. రాత్రికి నాకు ధైర్యం పోయింది" అంది.

నా చెయ్యి ఆగిపోయింది. నాకు ఆ ఫోను గుర్తుంది కూడాను. ఆ రోజు రాత్రి "ఏదో చెప్పాలన్నావు?" అంటే "ఏం లేదులే" అంది. నేనూ "సరే" అని లైటు తీసేశాను. దాని కథలో మూడు తప్పులు పట్టిన దాన్ని, అసలు సీను వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను.

అంతటి దర్శకుడు చుక్కలు సరిచేసుకోగా లేంది, నాకేం నామోషీ? "నాదే తప్పు తల్లీ, ఆ రోజు స్టవ్ కట్టేసి వినాల్సింది" అన్నాను. పిల్ల వెనక్కి తిరిగి నా ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది. నా చీరంతా నూనె. ఆ మరక ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలని నాకూ లేదు. అబద్ధం ఆడడం మంచిదని దానికి చెప్పలేదు. "ఇంకోసారి చెప్పడానికి భయమేస్తే, 'భయమేస్తోంది' అని అదైనా చెప్పు" అన్నాను. సరేనంది.

ఇంటికి వచ్చాక మా వారికి నేనే చెప్పాను. ఆయన ఒక పూట మౌనంగా ఉండి, సాయంత్రం ఫోను చేసి, "పరీక్షలెప్పుడురా?" అని మాత్రం అడిగారు. రెండిట్లో ఒకటి గట్టెక్కింది. ఒకటి ఇంకా ఉంది. చదువుకుంటోంది. అత్తయ్యగారికి చెప్పలేదనుకున్నాం కానీ ఆవిడకి ఎప్పుడో తెలుసు. "వనవాసంలో ఉన్న పిల్లని పందిట్లోకి రాలేదేమని అడక్కూడదే" అన్నారు ఒకరోజు, మజ్జిగ తాగుతూ.

తప్పులు పట్టడం నేను మానేశానని అనుకుంటున్నారా? అబ్బే, ఆ వయసు దాటిపోయింది. కాకపోతే ఇప్పుడు రెండు కొత్త అలవాట్లు చేసుకున్నాను. తప్పు కనపడగానే "నేను లేచి వెళ్ళానా?" అని ముందు నన్ను నేను అడుగుతాను. ఇక పిల్లల ఫోను మోగితే స్టవ్ కట్టేస్తాను. పప్పు సగం ఉడికి ఆగిపోతే మళ్ళీ ఉడికించుకోవచ్చు.

మొన్న సెలవులకి అమ్మాయి వచ్చినప్పుడు టీవీలో మళ్ళీ 'దృశ్యం' వేశారు. నేను అలవాటుగా లేవబోతే, "అమ్మా, ఆ సీను వస్తోంది, కదిలావంటే ఊరుకోను" అని కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. మొదటిసారి ఆ సినిమా మొదటి నుంచి చివరిదాకా చూశాను. నిజమే, ఆ కండక్టరు దగ్గర తప్పేం లేదు. భోజనాలు తొమ్మిదిన్నరకి అయ్యాయి. అన్నం కాస్త పలుకుగా వచ్చిందని ఒక్కరూ అనలేదు.

పడుకోబోతూ ఉండబట్టలేక అడిగాను. "అయినా నాకో అనుమానమే. ఆ ఇంటివాళ్ళు ఏ రోజు ఊళ్ళో లేరో కనుక్కోవడానికి పోలీసులు అంత తిరగాలా? ఏ పొద్దున వాళ్ళ వాకిట్లో ముగ్గు పడలేదో వీధిలో ఆడవాళ్ళని ఎవర్నడిగినా చెప్పేవారు కదా?"

అమ్మాయి దుప్పటి మొహం మీద నుంచి తీసి నా వైపు చూసింది. "ఇది మాత్రం నిజంగా తప్పేనమ్మా" అంది.